బడి గేటు ముందు రోడ్డు: ఒక వీధి ప్రాజెక్టు డైరీ

1వ వారం

బడికి గేటు ఒక్కటే. ఉదయం పిల్లల్ని దింపే ముప్పావుగంటలో ఆ గేటు ముందు కార్లు, వ్యాన్లు, బైకులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఆగుతాయి. సగం మంది ఇంజన్ ఆపరు. "ఒక్క నిమిషమే కదా" అంటారు. ఆ బళ్ల మధ్య సందులు వెతుక్కుంటూ పిల్లలు గేటు చేరతారు. పొగగొట్టానికి పెద్దవాళ్ల ముక్కు కంటే ఒకటో తరగతి పిల్ల ముక్కు చాలా దగ్గర.

ఏడుగురం కలిశాం. నలుగురు తల్లిదండ్రులు, ఇద్దరు టీచర్లు, నేను. నా పిల్లలు ఈ బడి దాటి ఏళ్లయింది. ఎలక్ట్రానిక్ బోర్డులకు సోల్డరింగ్ చేయడం వచ్చని నన్ను లాగారు. పని మొత్తం సోల్డరింగే అనుకుని నేనూ సరేనన్నాను.

ముందు గాలి కొలుద్దాం, తర్వాత మాట్లాడదాం అన్నది నా ప్రతిపాదనే. అంకెలు చేతిలో ఉంటే ఎవరూ కాదనలేరని గట్టి నమ్మకం.

2వ వారం

పీఎం 2.5, అంటే గాలిలోని అతి సన్నని దుమ్ము కణాలను కొలిచే సెన్సార్లు నాలుగు కట్టాను. లోపల చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది, లేజర్ కిరణం ముందు నుంచి దుమ్ము కణాలు పోతుంటే వెలుగు చెదురుతుంది, చెదిరిన వెలుగును బట్టి కణాలెన్నో చిప్ అంచనా వేస్తుంది. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో 2015లో మామూలు పౌరులు మొదలుపెట్టిన సెన్సార్ నెట్‌వర్క్ ఉంది. వాళ్ల డిజైన్‌లో పెట్టె అంటూ ఏమీ ఉండదు. డ్రైనేజీకి వాడే ప్లాస్టిక్ పైపు వంపులు రెండు కలిపి, మూతి కిందికి పెడితే చాలు. వాన పడదు, గాలి ఆడుతుంది. నేనూ అదే చేశాను. ఒకటి గేటు దగ్గర, రెండు వీధి చివర్లలో, ఒకటి రోడ్డుకు దూరంగా బడి వెనక మైదానంలో.

నాలుగో రోజు పొద్దున్నే గ్రూపులో గోల. గేటు దగ్గర రీడింగ్ అమాంతం మూడింతలైంది. "పిల్లల్ని ఇవాళ పంపాలా వద్దా?" అని ఒకావిడ టెన్షన్. కిటికీలోంచి చూస్తే బయట పొగమంచు. గాలిలో తేమ బాగా పెరిగితే దుమ్ము కణాలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, ఈ రకం సెన్సార్ ఆ ఉబ్బునంతా దుమ్ము కిందే లెక్కేస్తుంది. ఖరీదైన యంత్రాల్లో గాలిని ముందు ఆరబెట్టి ఆ తర్వాత కొలుస్తారు. నా పైపు వంపులో ఆరబెట్టే ఏర్పాటు ఎక్కడిది! గ్రూపులో క్షమాపణ చెప్పుకున్నాను. తప్పు అంకె జనాన్ని బెదరగొడుతుంది కూడా అని ఆ పూట తెలిసింది.

తర్వాత నాలుగింటినీ తీసి, అధికారిక గాలి నాణ్యత కేంద్రం పక్కన రెండు వారాలు కట్టి ఉంచడానికి అనుమతి తెచ్చుకున్నాం. సెన్సార్లను తెచ్చిపెట్టుకునేవాళ్లు చాలామంది ఈ పని వదిలేస్తారు, అసలు వదలకూడనిది ఇదే. నాలుగూ నాలుగు రకాలుగా చదివాయి. ఒక్కోదానికి దిద్దుబాటు లెక్క రాసుకున్నాను. తేమ బాగా ఎక్కువున్న గంటల్ని పక్కన పెట్టేశాను.

5వ వారం

సెన్సార్లు తిరిగి వీధికెక్కాయి. గ్రాఫ్ చూసి నీరసం వచ్చింది. గేటు గీత, మైదానం గీత ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. ఉదయం ఎనిమిదిన్నరకు గేటు దగ్గర చిన్న బుడిపె, అంతే.

టీచర్ అడిగింది: "అంటే బళ్ల వల్ల ఏమీ లేదనా?"

అది కాదు. పొరపాటు నాది, తప్పు వస్తువును కొలిచాను. పీఎం 2.5 రోజుల తరబడి గాలిలో తేలుతుంది, వందల కిలోమీటర్లు పోతుంది. అందులో బోలెడంత ఏ పొగగొట్టం నుంచీ నేరుగా రాదు, వాయువులు గాలిలో కలిసి దారిలోనే కణాలుగా మారతాయి. ఊరంతటి మీదా పరుచుకున్న దుప్పటి లాంటిది అది. ఒక వీధి తన వంతుగా దానిమీద వేసేది పలచటి పొర. మా వీధి మొత్తం మూసేసినా ఆ దుప్పటి కదలదు.

బళ్ల పొగ వల్ల పుట్టే నైట్రోజన్ డయాక్సైడ్ అనే వాయువు సంగతి వేరు. ఇంజన్ నుంచి వచ్చేది ఎక్కువగా నైట్రిక్ ఆక్సైడ్, అది గాలిలోని ఓజోన్‌తో కలిసి డయాక్సైడ్ అవుతుంది. రోడ్డు అంచున ఎక్కువ, కొన్ని పదుల మీటర్లు పక్కకు జరిగితే గబగబా తగ్గిపోతుంది. ఒక వీధి మారితే కనిపించేది ఇందులోనే. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాలు సవరించినప్పుడు దీని సంవత్సర సగటు ఇంతకు మించకూడదనే హద్దును ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాముల నుంచి ఏకంగా 10కి దించింది. పీఎం 2.5ను 10 నుంచి 5కి. రెండో దాని మీదే అందరి కళ్లూ ఉంటాయి, నా కళ్లూ అక్కడే ఉండిపోయాయి.

6వ వారం

గొట్టాలు వచ్చాయి. పామ్స్ గొట్టం అంటారు, 1976 నాటి పద్ధతి. వేలెడంత పొడవున్న ప్లాస్టిక్ గొట్టం. పై మూతలో ట్రైఇథనాలమైన్ అనే రసాయనం పూసిన స్టీలు జాలీ. కింది మూత తీసి స్తంభానికి కడితే దానంతటదే నైట్రోజన్ డయాక్సైడ్ పైకి పోయి జాలీకి పట్టుకుంటుంది. కరెంటు అక్కర్లేదు, వైఫై అక్కర్లేదు, పాస్‌వర్డ్ మర్చిపోయే బాధ లేదు. నాలాంటి బోర్డులు కట్టేవాడికి కాస్త చిన్నతనంగా ఉంది గానీ, 2018 మేలో బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో ఇరవై వేల చోట్ల జనం తమ ఇళ్ల ముందు ఇలాంటి గొట్టాలే కట్టి ప్రాంతం మొత్తానికీ పటం తెచ్చుకున్నారు.

కట్టడంలో మెలకువలున్నాయి. చేతికందనంత ఎత్తు, గోడ మూలల్లో కాదు, కొమ్మల్లో కాదు, ఏసీ వేడి గాలి తగిలేచోట కాదు. మూత తీసిన తేదీ, గంట అక్కడికక్కడే చీటీ మీద రాయాలి, ఇంటికెళ్లి రాద్దామంటే తారుమారే. ఒక గొట్టాన్ని అసలు తెరవకుండా అన్నిటితో పాటు తిప్పాలి, దారిలో ఏమైనా పట్టుకుంటే అది చెప్తుంది. నెల తర్వాత దించి చూస్తే ఒకదాంట్లో సాలీడు కాపురం పెట్టింది. ఆ గొట్టం లెక్కలోంచి పోయింది.

మా వీధిలో మూడు చోట్ల, పక్క వీధిలో రెండు, మేం ఏమీ మార్చబోని దూరపు వీధిలో రెండు. ఆఖరి రెండింటి గురించి గుంపులో వాదన జరిగింది, వృథా ఖర్చు అని. అవి లేకపోతే ఏ నెలలోనైనా గాలివాటం మారి అంకె తగ్గితే మా గొప్పే అనుకుంటాం.

7వ వారం

మీటింగ్. ఘోరం.

నేనూ ఒక టీచరూ కలిసి మూడు రాత్రులు కూర్చుని బొమ్మ గీశాం. వీధి నడిమధ్య అడ్డంగా పూలకుండీలు, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ దారి, కార్లకు లేదు. ఇటు చివర నుంచి వచ్చినవాళ్లు ఇటే పోవాలి, అటు నుంచి వచ్చినవాళ్లు అటే. ప్రతి ఇంటికీ కారు వెళ్తుంది, వీధిని అడ్డదారిగా వాడుకునేవాళ్లకే కుదరదు. బెల్జియంలోని గెంట్ నగరం 2017లో తన నడిబొడ్డు మొత్తాన్ని ఇలాగే ముక్కలు చేసింది, ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు కారులో పోవాలంటే బయటి రింగు రోడ్డు ఎక్కాల్సిందే. ఆలోచన మంచిదే. తెర మీద వేసి చూపించాను. రంగులు కూడా వేశాను.

వెనక వరుసలో చక్రాల కుర్చీలో ఉన్న పెద్దావిడ చెయ్యెత్తింది. "బాబూ, నువ్వు ఆకుపచ్చ రంగు వేసిన కుండీ వెనకాల మా గుమ్మం. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి పోయొస్తాను. నన్ను ఎక్కడ దింపుతారు?"

నా దగ్గర జవాబు లేదు.

ఆ వెంటనే ఇంకొకాయన లేచాడు. "ఇంతకీ మమ్మల్ని అడగడానికి పిలిచారా, చెప్పడానికి పిలిచారా?"

దానికీ లేదు. షెర్రీ ఆర్న్‌స్టీన్ అని ఒకావిడ 1969లోనే ప్రజల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన గీసింది. అట్టడుగున జనాన్ని మాయచేయడం, మధ్యలో సమాచారం ఇవ్వడం, సలహా అడగడం, పైన అధికారం పంచుకోవడం, అన్నిటికంటే పైన పౌరుల చేతికే ఇవ్వడం. మధ్య మెట్లకు ఆవిడ పెట్టిన పేరు నామమాత్రపు భాగస్వామ్యం. మా మీటింగ్ అక్కడే ఉంది, టీ కూడా ఇచ్చాం కాబట్టి ఇంకాస్త మర్యాదగా.

8వ వారం

ఈ వారం గాలి గురించి ఒక్క మాటా మాట్లాడలేదు.

బొమ్మ మడిచి లోపల పెట్టాం. టేపు, సుద్దముక్కలు పట్టుకుని సాయంత్రం వీధిలోకి దిగాం. రోడ్డు మీదే, అసలు కొలతల్లో, కుండీ ఎక్కడ వస్తుందో సుద్దతో గీశాం. వచ్చేపోయేవాళ్లు ఆగారు. మీటింగ్‌కు రానివాళ్లు కూడా ఆగారు. కాగితం మీద ప్లాన్ చదవడం అందరికీ రాదు, రోడ్డు మీద గీత దాటి నడవడం అందరికీ వచ్చు.

పెద్దావిడ తన కుర్చీని తనే తోసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లింది, మేం వెనక. ఫుట్‌పాత్ మొదట్లో విశాలంగానే ఉంది. కరెంటు స్తంభం దగ్గర కుర్చీ పట్టలేదు. రోడ్డు మీదికి దిగాలి, దిగడానికి వాలు లేదు. వెనక్కి తిరిగి, మళ్లీ మొదటికొచ్చి, కారు దారిలోనే వెళ్లింది. "నేను రోజూ ఇలాగే పోతాను, మీరు చూళ్లేదంతే" అంది. ఎవరం మాట్లాడలేదు.

ఆవిడ గీసిందే ఇప్పటి ప్లాన్. కుండీలు ఆవిడ గుమ్మానికి పదహారు అడుగులు అవతలికి జరిగాయి. కారు గుమ్మం దాకా వచ్చి, అక్కడే తిరిగి వెళ్లడానికి చోటు మిగిలింది. నా బొమ్మలో ఆ మలుపు చోటే లేదు. చెత్తబండి కూడా ఇరుక్కుపోయేదని తర్వాత లెక్కేస్తే తేలింది. ఆవిడ అడ్డుపడకపోతే మొదటి వారంలోనే మా పరువు పోయేది.

ఇంకో పని చేశాం. వీధుల మీద పరిశోధన చేసిన డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు వీధుల వాళ్లను ఇదే అడిగాడు: ఈ వీధిలో మీకు తెలిసినవాళ్లెవరు? రోజుకు రెండు వేల బళ్లు పోయే వీధిలో ఒక్కొక్కరికి సగటున ముగ్గురు స్నేహితులు, పదహారు వేల బళ్లు పోయే వీధిలో ఒకరికి కూడా తక్కువ. మేం పటం పెట్టి, ఎవరింటికి వెళ్లొస్తారో గీతలు గీయమన్నాం. బళ్లు తక్కువగా తిరిగే చివర్లో గీతలు రోడ్డును అడ్డంగా దాటాయి. గేటు ముందు ముక్కలో దాదాపు అన్నీ ఒకే వరుస ఇళ్ల మధ్యనే నిలిచిపోయాయి. ఏ మైక్రోగ్రాము అంకె చూసినా పలకనివాళ్లు ఆ పటం చుట్టూ అరగంట నిలబడ్డారు.

10వ వారం

చెట్ల గొడవ. వీధి పొడవునా రెండు వరుసల చెట్లు పెడితే గాలి దానంతటదే శుభ్రమవుతుందని ముగ్గురు పట్టుబట్టారు. చెట్లు నాకూ ఇష్టమే, నీడకి. గాలి లెక్కలో మాత్రం వేయనన్నాను. రెండువైపులా ఎత్తు మేడలున్న ఇరుకు వీధిలో గాలి పైనుంచి దిగి, సుడి తిరిగి, పొగను పైకి తీసుకుపోవాలి. గుబురు కొమ్మలు పైన కప్పులా మూసేస్తే ఆ సుడి ఆగి, పొగ కిందే ఉండిపోతుంది. నడుము ఎత్తు గుబురు కంచె ఫుట్‌పాత్‌కీ రోడ్డుకీ మధ్యన ఉంటే అది వేరు, పొగ నేరుగా మీదికి రాకుండా కాస్త పక్కకు తోస్తుంది. గేటు దగ్గర కంచె, చెట్లు వీధి వెడల్పయిన చోట, అని రాజీ పడ్డాం. ఒకాయన ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు.

11, 12 వారాలు

కుండీలకు అనుమతి ఇంకా రాలేదు. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు కాగితం నడుచుకుంటూ పోతోంది, పాదచారి ప్రాజెక్టు కదా. ఈలోగా తేలికైనదానికి అనుమతి దొరికింది: బడి మొదలయ్యే వేళ 45 నిమిషాలు, వదిలే వేళ 45 నిమిషాలు గేటు ముందు ముక్క మూసివేత. బడి వీధి అంటారు. ఇటలీలోని బొల్జానోలో 1989లోనే మొదలుపెట్టారు.

మొదటి రోజు: ఆరెంజి కోన్లు పెట్టాం. బళ్లన్నీ మూల మలుపులో ఆగిపోయాయి, అక్కడి నుంచి పెద్దరోడ్డు దాకా జాం. గందరగోళం గేటు దగ్గర నుంచి మూలకు మారిందంతే.

రెండో రోజు: ఒకాయన కోను తీసి పక్కన పడేసి లోపలికొచ్చాడు. కాపలా ఉన్న తండ్రి కొట్లాటకు దిగబోతే టీచర్ ఆపింది.

మూడో రోజు: బళ్లు ఆపుకునే చోటు 250 మీటర్ల అవతల పెట్టాం. అక్కడ ఇద్దరు పెద్దవాళ్లు నిలబడి, పిల్లల్ని వరుస కట్టించి గేటు దాకా నడిపిస్తారు. "నడిచే బస్సు" అని పిల్లలే పేరు పెట్టుకున్నారు. డ్రైవర్ ఎవరు, కండక్టర్ ఎవరని మళ్లీ కొట్టుకుంటున్నారు.

రెండో వారం నాటికి మూల దగ్గర జాం పల్చబడింది. బళ్లన్నీ పక్క వీధిలోకి పోయాయేమోనని అక్కడా లెక్కపెట్టాం. కొన్ని పోయాయి, అన్నీ కాదు. దగ్గర్లో ఉండేవాళ్లు కొందరు కారు తీయడమే మానేశారు. రోడ్డు తగ్గిస్తే ఆ బళ్లన్నీ పక్క రోడ్డు మీద పడతాయని పైకి చూస్తే అనిపిస్తుంది గానీ, 1998లో బ్రిటన్‌లో రవాణా పరిశోధకుడు ఫిల్ గుడ్విన్ బృందం అలాంటి సందర్భాలు పదుల కొద్దీ పరిశీలించి, కొంత ట్రాఫిక్ ఎక్కడా తేలకుండా మాయమైపోతుందని రాసింది. జనం వేళలు మారుస్తారు, నడుస్తారు, రెండు పనులు ఒకే ప్రయాణంలో ముగించుకుంటారు. పక్క వీధివాళ్లకు మాత్రం ఈ మాట చెప్పి ఊరుకుంటే కుదరదు, ఆ "కొన్ని" వాళ్ల గుమ్మం ముందు నుంచే పోతున్నాయి. ఇద్దరు మా గుంపులో చేరారు, కోపంతోనే. రానీ, మంచిదే.

15వ వారం

గొట్టాల ఫలితాలు వచ్చాయి. మూసివేతకు ముందు నెల, మూసిన నెల. చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈసారి నీరసం రాలేదు, నవ్వొచ్చింది. కాగితం తీసి లెక్కేశాను. రోజుకు గంటన్నర, వారానికి ఐదు రోజులు, అంటే ఏడున్నర గంటలు. వారంలో ఉన్నవి 168. గొట్టం నెలంతా రాత్రింబవళ్లు పీల్చి ఒకే ఒక సగటు ఇస్తుంది. మేం మార్చింది అందులో నాలుగున్నర శాతం కాలాన్ని. పైగా ఈ గొట్టాల కొలతలో పాతిక శాతం దాకా అటూఇటూ ఉండొచ్చని ముందే ఒప్పుకుని వాడతారు. కనిపిస్తేనే ఆశ్చర్యపోవాలి. మొదట తప్పు వస్తువును కొలిచాను, తర్వాత సరైన వస్తువును తప్పు గడియారంతో కొలిచాను.

పిల్లలు గేటు ముందుండేది సరిగ్గా ఆ నాలుగున్నర శాతంలోనే. లండన్‌లో గంట గంటకూ చదివే సెన్సార్లు పెట్టి చూస్తే, బడి వీధుల్లో ఉదయం దింపే వేళ నైట్రోజన్ డయాక్సైడ్ 23 శాతం దాకా తగ్గిందని 2021లో ప్రకటించారు. అలాంటి యంత్రం మా దగ్గర లేదు. కాబట్టి ఐదో తరగతి పిల్లలకు స్టాప్‌వాచీలు, పలకలు ఇచ్చాం. ఆగి ఉండి ఇంజన్ నడుస్తున్న బళ్లెన్ని, ఎంతసేపు? నడిచొచ్చినవాళ్లెందరు? సైకిలు మీద ఎందరు? పెద్దవాళ్లు అడిగితే చిరాకుపడే డ్రైవరు, పలక పట్టుకున్న పిల్ల కిటికీ దగ్గర నిలబడి సెకన్లు లెక్కపెడుతుంటే ఇంజన్ ఆపేస్తాడు. కొలత కోసం పెట్టిన మనుషులే కొలిచేదాన్ని మార్చేస్తున్నారన్నమాట. శాస్త్రం ప్రకారం తప్పు. తీసేయమని నేను మాత్రం అడగను.

16వ వారం

కుండీలకు అనుమతి వచ్చింది, ఆరు నెలల ప్రయోగానికి. సిమెంటు పోయొద్దు, తీసేయగలిగేవే పెట్టమన్నారు. మాకూ అదే కావాలి. న్యూయార్క్‌లో టైమ్స్ స్క్వేర్ దగ్గర బ్రాడ్‌వేను 2009లో కార్లకు మూసినప్పుడు ముందు వేసినవి మామూలు మడత కుర్చీలే, శాశ్వతమైన నేల పలకలు ఆ తర్వాతే. స్పెయిన్‌లోని బార్సిలోనాలో, పొబ్లెనౌ పేటలో 2016లో సూపర్‌బ్లాక్ (కొన్ని వీధులను కలిపి, లోపలి నుంచి కార్లు అడ్డదారిగా పోకుండా చేసిన పేట) పెట్టినప్పుడు అక్కడివాళ్లే బ్యానర్లు కట్టి వద్దన్నారు. తర్వాత బల్లలు, ఆటస్థలం వచ్చి అది నిలబడింది.

మూల మలుపును కూడా బిగించాం. వంపు వెడల్పుగా ఉంటే బండి వేగం తగ్గించకుండానే తిరుగుతుంది. రంగు గీతలు, వంగే రబ్బరు స్తంభాలతో మూలను ముందుకు జరిపాక దాదాపు ఆగి తిరగాల్సి వస్తోంది. గంటకు 30 కిలోమీటర్లని బోర్డు అదివరకే ఉంది, ఎవరూ చదవలేదు. మూలను మాత్రం చదవక తప్పదు. స్తంభం దగ్గర వాలు కూడా పడింది, స్తంభమైతే కదలదట. అందుకని అక్కడ రోడ్డులోంచి మూడడుగులు ఫుట్‌పాత్‌కు కలిపాం.

17వ వారం

కుండీలు రోజంతా, రాత్రంతా ఉంటాయి కాబట్టి ఈసారి గొట్టాలకు పని ఉంది. తాజా పెట్టె తెరిచాం. పక్క వీధిలో రెండు కాదు, నాలుగు కడుతున్నాం. అవి ఎక్కడ కట్టాలో అక్కడివాళ్లే స్తంభాలు చూపించారు. ఒకటి సరిగ్గా ఏసీ పక్కన. పైకి జరపమంటే ఒక పావుగంట వాదన.

పెద్దావిడ తన గుమ్మం ముందు గొట్టం చీటీ తనే రాస్తానంది. తేదీ, గంట, నిమిషం రాసి, కింద సంతకం కూడా పెట్టింది. దించేది వచ్చే నెల మూడో మంగళవారం, ఉదయం పది లోపు. మూతలు నా సోల్డరింగ్ డబ్బాలో ఉన్నాయి, మర్చిపోకూడదు.